గొట్టంలో ప్రయాణం చేసిన ఆఫీసు

మా అక్క మనవరాలు ఈ మధ్య ఉద్యోగంలో చేరింది. వారంలో మూడు రోజులు ఇంట్లో కూర్చుని పని, రెండు రోజులు ఆఫీసు. "అమ్మమ్మా, మీ టైంల గిట్లాంటిది లేకుండె గద, పాపం" అని నా మీద జాలి పడింది. ఉండేదే అన్నాను. నమ్మలేదు. మా దగ్గర ఇంటిపని కంపెనీ బస్సులో, డ్రైవరు సీటు వెనక, రెండు వైపులా మూతలున్న ప్లాస్టిక్ గొట్టంలో వెళ్లి వచ్చేదంటే పడీ పడీ నవ్వింది.

నవ్వితే నవ్వింది గానీ, పాతికేళ్లకు పైగా చేసిన ఉద్యోగంలో ఆ గొట్టం నేర్పినంత నాకు ఎవరూ నేర్పలేదు. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను, వాటిలో మీకు పనికొచ్చేది ఏమీ లేదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను.

అమోనియా గది

ఎనభైల మొదట్లో పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసరుగా చేరాను. మందుల కంపెనీలకు రియాక్టర్లు, అంటే మందులు ఉడికించే పెద్ద ఉక్కు పాత్రలు, చేసే ఫ్యాక్టరీ అది. మా నాన్న సంగారెడ్డిలో మిషన్ స్కూలు టీచరు. ఆడపిల్ల టైపు నేర్చుకోవాలని చుట్టాలందరూ అంటుంటే, నా చేతిరాత చూసి డ్రాఫ్ట్స్‌మన్ కోర్సులో చేర్పించాడు. ఆఫీసులో ఆరు బల్లలు, ఐదుగురు మగవాళ్లు, నేను.

ఇప్పటి పిల్లలకు డ్రాయింగ్ ఆఫీసంటే ఏమిటో తెలియదు కాబట్టి కాస్త చెబుతాను. పల్చటి ట్రేసింగ్ కాగితం మీద సిరాతో బొమ్మ గీస్తాం. తప్పు పోతే బ్లేడుతో గీకి మళ్లీ గీస్తాం. దాన్ని పక్కగదిలో అమోనియా యంత్రంలో పెట్టి ప్రింట్లు తీస్తాం. ఆ ప్రింటు పట్టుకునే కింద షాపులో, అంటే వర్క్‌షాపులో, ఉక్కు కోస్తారు. అమోనియా వాసన మా బట్టల్లో, జుట్టులో, చివరికి మా అన్నం డబ్బాలో కూడా ఉండేది. బయటికి వస్తే ఫ్యాక్టరీల పొగ నిండిన పటాన్‌చెరు గాలి ఉండనే ఉంది. అప్పట్లో ఆ దారిన పోయే బస్సుల్లో నిద్రపోతున్నవాళ్లు కూడా వాసన తగలగానే లేచి, ఊరొచ్చిందని సర్దుకునేవారు.

ఆ ఐదుగురిలో మల్లేశం అని ఒకాయన. సంగారెడ్డి అవతల ఊరు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. నాకన్నా రెండేళ్లు పెద్ద. అటువంటి చెయ్యి నేను మళ్లీ చూడలేదు. ఆయన గీసిన గీతకు మొదలూ చివరా ఒకే మందం ఉండేది. ట్రేసరుగా నాకు పెన్ను పట్టడం నేర్పిందీ ఆయనే. కొన్నేళ్ల తర్వాత, నా ఇంగ్లీషు బాగుంటుందని, కంపెనీవాళ్లతో మాట్లాడగలనని, నా బల్లకు ఇంకో కుర్రాణ్ని తీసుకుని నన్ను సెక్షన్ ఇన్‌చార్జిని చేశారు. మల్లేశం కాలేదు. అది న్యాయం కాదని ఆ రోజూ తెలుసు, ఈ రోజూ తెలుసు. ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి ఆఫీసులో నన్ను మేడం అనేవాడు. గేటు దాటి బస్సెక్కగానే చెల్లె అనేవాడు.

తొంభైల్లో అడుగుపెడుతుండగా ఆయనకు ఆయాసం మొదలైంది. ముందు దగ్గు, తర్వాత పిల్లికూతలు. ఒక రోజు ప్రింట్ల గదిలోనే కూలబడ్డాడు. ఆయనకు రెండే దార్లున్నాయి, ఆ గాలినైనా వదలాలి లేకపోతే ఆరోగ్యాన్నైనా వదలాలి, అన్నాడు డాక్టరు. ఇద్దరు పిల్లలు స్కూల్లో. ఇంకో పని ఏదీ రాదు. రాజీనామా కాగితం రాసి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. దాని మీద కూడా అక్షరాలు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి.

ఖాళీ కుర్చీ

ఆ కాగితం తీసుకుని వర్క్స్ మేనేజరు రావు గారి దగ్గరికి వెళ్లాను. రావు గారిది కోస్తా. పని తెలిసిన మనిషి, కోపం ఎక్కువ. ఒక అలవాటు మాత్రం విడ్డూరం. రోజూ తొమ్మిదింబావుకు మా అద్దాల తలుపు అవతల నిలబడి తలలు లెక్కపెట్టేవారు. కుర్చీ నిండితే పని జరుగుతున్నట్టు. మా వాళ్లలో ఒకాయన రెండు గంటలు పెన్సిలు చెక్కుతూ కూర్చునేవాడు, ఆయన లెక్కలోకి వచ్చేవాడు.

"మల్లేశన్న ఇంట్ల కూసొని గీస్తడు సార్. బల్ల, గీతలు గీసే డ్రాఫ్టరు మిషను పంపిద్దాం. కాయితాలు బస్సుల పోతయి, బస్సుల వస్తయి" అన్నాను.

"మనిషి కనబడకుండా పనేంటమ్మా? ఇంట్లో పడుకుని జీతం తీసుకుంటే నేనెలా చూస్తాను?"

"షీట్లు చూడుండ్రి సార్. వారానికి ఎన్ని వస్తున్నయో చూడుండ్రి."

ఆయన ఆ రాజీనామా కాగితం తీసుకుని అందులో అక్షరాలు చూశారు. పనిమీద ప్రేమ ఉన్నవాళ్లు ఒక మంచి చెయ్యి పోగొట్టుకోలేరు. "మూడు నెలలు చూద్దాం. ఏదన్నా తేడా వచ్చిందా, ఇద్దరినీ అడుగుతాను" అన్నారు.

కింద షాపు ఫోర్‌మన్ నర్సింలు పెద్ద నీళ్ల పైపు ముక్క ఒకటి కోసి, రెండు మూతలు చేసి ఇచ్చాడు. అదే మా గొట్టం. ఏం గీయాలో చీటీ రాసి అందులో పెట్టేదాన్ని. సాయంత్రం షిఫ్టు బస్సులో డ్రైవరు ఖాజా భాయ్ తీసుకెళ్లి, పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో టైలరు షాపులో ఇచ్చేవాడు. మల్లేశం వాళ్లు ఆ దగ్గరే ఉండేవాళ్లు, ఆయన భార్య బాలమణి ఆ షాపులోనే మిషను కుట్టేది. పొద్దున ఆమె చేతిలోంచి గీసిన షీట్లతో గొట్టం మళ్లీ బస్సెక్కేది. "ఫికర్ చెయ్యకుండ్రి మేడం, గీ గొట్టాన్ని నా బిడ్డ లెక్క తీస్కపోత" అనేవాడు ఖాజా భాయ్. నిజంగానే వానొస్తే తన మీదికన్నా ముందు దాని మీద టవలు కప్పేవాడు.

మొదటి నెలలో ఆఫీసులో ఎవరూ గీయనన్ని షీట్లు మల్లేశం గీశాడు. ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లి అడిగితే, "ఈడ ఎవ్వలు మాట్లాడిపియ్యరు గద చెల్లె, దగ్గు గుడ లేదు" అన్నాడు. నాకు గర్వంగా ఉండేది. ఇది మనం కనిపెట్టిన పద్ధతి అనుకునేదాన్ని. గర్వం వచ్చినప్పుడు మనిషి చూడవలసింది చూడడు, నేనూ అంతే.

వీపు వెనక మూత

మా ఫ్యాక్టరీలో కాగితం మీద ఉండేది సగం పనే. మిగతా సగం నోటిమీద నడిచేది. కస్టమరు ఏదన్నా మార్పు కావాలంటే నర్సింలుకు చెబుతాడు. నర్సింలు సుద్దముక్కతో పాత్ర మీదనే గుర్తు వేసి, చాయ్ తాగేటప్పుడు నాకు చెబుతాడు. నేను పైకొచ్చి తలుపు దగ్గరే నిలబడి గట్టిగా అరుస్తాను. ఆరు బల్లలవాళ్లూ పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటారు. ఇది మాకు గాలి పీల్చినంత మామూలు. దీనికి పద్ధతి అని పేరు కూడా లేదు.

మూడో నెలలో కాజీపల్లిలో ఒక కంపెనీకి పెద్ద రియాక్టరు చేస్తున్నాం. దానికి మ్యాన్‌హోల్ ఉంటుంది, మనిషి లోపలికి దిగడానికి పెట్టే మూత. తూర్పున పెట్టవలసింది, అక్కడ గోడ అడ్డం వస్తుందని పడమటికి మార్చారు. నర్సింలు చాయ్ దగ్గర చెప్పాడు. నేను పైకొచ్చి తలుపు దగ్గర అరిచాను. ఐదుగురు తలలూపారు.

ఆ మూత దగ్గరికి ఎక్కడానికి నిచ్చెన, నిలబడడానికి ప్లాట్‌ఫారం గీస్తున్నది ఆరో మనిషి. ఆయన ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్నాడు.

కాజీపల్లిలో రియాక్టరు నిలబెట్టిన రోజు నేనూ వెళ్లాను. నిచ్చెన తూర్పున, ప్లాట్‌ఫారం తూర్పున, బ్రహ్మాండంగా ఉన్నాయి. మూత పడమట. వాళ్ల ఇంజినీరు పైకెక్కి నిలబడి, ఉక్కు గోడను చేత్తో తడిమి, "ఇధర్ తో కుచ్ నహీ హై, ఇక్కడేమీ లేదు" అన్నాడు. కింద కూలీలందరూ ఒకటే నవ్వు. నేను కూడా నవ్వబోయి, ఆ షీటు ఎవరిదో గుర్తొచ్చి ఆగిపోయాను.

నేను చెప్పనిది

మర్నాడు రావు గారి గదిలో మీటింగు. మల్లేశాన్ని కూడా పిలిపించారు. ఆయన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు, పెళ్లికి వచ్చినట్టు.

"మార్పు చెప్పావా లేదా?" అని రావు గారు నన్ను అడిగారు.

"చెప్పిన సార్. రూంలనే చెప్పిన" అన్నాను.

అబద్ధం కాదు. అబద్ధం కాదు గాబట్టే అది అంత నీచమైన మాట. మల్లేశం నా వైపు చూశాడు. కోపంతో కాదు, తనే ఎక్కడో మరిచాడేమో గుర్తు చేసుకుంటున్నట్టు చూశాడు.

"అదిగో. ఇంట్లో కూర్చుంటే ఇలాగే ఉంటుంది" అన్నారు రావు గారు. "మల్లేశం, రేపటినుంచి ఆఫీసుకు వస్తే ఉద్యోగం. లేకపోతే ఆ కాగితం నా దగ్గరే ఉంది."

ఆయన రావడం మొదలుపెట్టాడు. పది రోజులు వచ్చాడు. కిటికీ పక్క బల్ల ఇచ్చాను, అదొక్కటే నేను చేసిన మేలు. రెండు మెట్లెక్కి ఆగేవాడు, మళ్లీ రెండు మెట్లు. గీత గీస్తూ మధ్యలో పెన్ను ఎత్తి ఊపిరి తీసుకునేవాడు. అప్పటివరకు ఆయన గీత మధ్యలో ఆగడం నేను చూసి ఎరగను. అవతలి గదిలో అమోనియా యంత్రం ఆడుతుంటే ఇవతల ఆయన రొమ్ము ఆడేది. నేను తల దించుకుని నా పని చేసుకునేదాన్ని. నిజం చెబితే ఇన్‌చార్జి కుర్చీ పోతుందేమోనని భయం. ఆడదానికి ఆ కుర్చీ ఇచ్చినందుకే సణుగుతున్నవాళ్లు ఉన్నారు, వాళ్లకు దొరికిపోతానని భయం. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది.

పదో రోజు సాయంత్రం బస్సులో పక్క సీట్లో కూర్చున్నాడు. ఒళ్లో ఒక ఫైలు. నేను పంపిన చీటీలన్నీ తేదీ వారీగా కుట్టి పెట్టుకున్నాడు, బాలమణి చేత దారంతో కుట్టించి.

"చెల్లె, నాకు సమజైతలేదు. అన్ని చీటీలు మూడుసార్లు సూసిన. పడమర అని ఏడ లేదు. నాకు కండ్లు గుడ పోతున్నయేమో. జెర నువ్వు సూస్తవా?"

ఆ ఫైలు నా చేతిలో పెట్టాడు. పోతిరెడ్డిపల్లి చౌరస్తా వచ్చేదాకా పేజీలు తిప్పుతున్నట్టు నటించాను. కన్నీళ్లు కనబడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. లేని చీటీ కోసం ఒక మనిషి తన కళ్లనే అనుమానించే స్థితికి తెచ్చాను.

ఎర్ర పుస్తకం

మర్నాడు పొద్దున రావు గారు తలలు లెక్కపెడుతుండగానే తలుపు తీసుకుని బయటికి వెళ్లాను.

"మ్యాన్‌హోల్ తప్పు నాది సార్. రూంల అరిచిన, ఆయనకు రాసి పంపలే."

"మరి ఆ రోజెందుకు చెప్పలేదు?"

"భయమైంది సార్."

ఆయన కేకలేస్తారని నిలబడ్డాను. వెయ్యలేదు. "ఇంకొకటి చెప్త సార్" అన్నాను, భయం పోయాక నోరు దానంతటదే నడిచింది. "నేను అరిచినప్పుడు రూంల లేనిది మల్లేశన్న ఒక్కడే కాదు. సెకండ్ షిఫ్టోళ్లు లేరు. లీవుల ఉన్నోళ్లు లేరు. రేపు వాళ్లు గుడ గిదే తప్పు చేస్తరు. ఇంట్ల కూసోవడం తప్పు కాదు. మన ఆఫీసు నోటి మీద నడుస్తున్నది, గది తప్పు."

రావు గారు అద్దంలోంచి లోపలికి చూశారు. కిటికీ పక్క బల్ల దగ్గర మల్లేశం రెండు చేతులూ బల్ల మీద ఆనించి ఊపిరి తీసుకుంటున్నాడు. "అతన్ని ఇంటికి పంపించు" అన్నారు. "నోటి మాటకు ఏం చేస్తావో సాయంత్రంలోగా చెప్పు. అతనికి నిజం నువ్వే చెప్పుకో, అది నా పని కాదు."

లోపలికి వెళ్లి, "రేపటినుంచి ఇంట్లనే పని చెయ్యన్నా, సార్ ఒప్పుకున్నడు" అన్నాను. నిజం చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఐదుగురు తలలెత్తి వింటున్నారు. మూసేశాను.

ఆ సాయంత్రమే ఎర్ర అట్ట పుస్తకం ఒకటి తెచ్చి తలుపు పక్క మేకుకు తగిలించాను. మధ్యలో కార్బన్ పెట్టి రాయాలి. ఏ మార్పయినా అందులో రాసి సంతకం పెడితేనే మార్పు, లేకపోతే కాదు. అసలు పేజీ పుస్తకంలో ఉంటుంది, నకలు ఆ రోజు గొట్టంలో పోతుంది.

నర్సింలు నన్ను తినేసినంత పని చేశాడు. "గదేంది మేడం, నా నోటి మీద నమ్మకం లేదా? ఇరవై ఏండ్ల సంది సుద్దముక్కతోటి నడిపిస్తున్న."

"నీ మీద నమ్మకం ఉన్నది నర్సింలూ. నా నోటి మీదనే లేదు" అన్నాను. రాత సరిగా రాదు గాబట్టి బొమ్మ గీసేవాడు. గీయగా గీయగా ఆయన బొమ్మలు మా కుర్రాళ్ల బొమ్మలకన్నా స్పష్టంగా తయారయ్యాయి. ఏడాది తిరిగేసరికి మేనేజరు వచ్చి చెప్పినా, "పుస్తకంల ఉన్నదా సార్? లేదా? అయితే ఇగ నడువుండ్రి" అనేంత వరకు వచ్చింది వ్యవహారం.

ఇక్కడ చిన్నవాళ్లు ఒకటి గమనించాలి. దూరంగా ఉన్న ఒక్క మనిషి కోసం పెట్టిన పుస్తకం, గదిలో ఉన్నవాళ్లందరికీ పనికొచ్చింది. సెకండ్ షిఫ్టువాళ్లు వస్తూనే దాన్ని చూసేవారు. ఎవరు ఎప్పుడు ఏమన్నారనే గొడవలు తగ్గాయి. అందరూ ఒకే గదిలో ఉండడం వల్ల పని సాగుతోందని అనుకున్నాం ఇన్నాళ్లూ. నిజానికి ఒకే గదిలో ఉండడం వల్ల మా బద్ధకం బయటపడలేదు, అంతే. ఇంకొకటి కూడా. తప్పు జరగగానే అందరి వేలూ ముందు ఎదురుగా లేనివాడి వైపే పోతుంది. కాదనడానికి వాడు అక్కడ ఉండడు గదా. మీరు ఎప్పుడైనా నలుగురి మీద పెద్దగా ఉంటే, ముందు ఆ వేలు ఆపండి.

మంగళవారం

అలాగని ఇంట్లో కూర్చుంటే అంతా స్వర్గమని నేననను. ఆరు నెలలకు మల్లేశం షీట్లలో ఒక తేడా కనిపెట్టాను. గీతలు బాగానే ఉన్నాయి, కానీ వెల్డింగు చేసేవాడి చెయ్యి దూరనిచోట కూడా అతుకు చూపిస్తున్నాడు. మనిషికి షాపు గుర్తుండడం మానేసింది. ఒక రోజు బాలమణి బస్సు దాకా వచ్చి నాతో చెప్పింది, "అక్కా, ఈయన దినాం గోడతోటి మాట్లాడుతుండు. గా నర్సింలన్న తోటి కొట్లాడక అన్నం గుడ సయిస్తలేదు."

అందుకని మంగళవారం ఒక్క రోజు అమోనియా యంత్రం ఆపేశాం. ప్రింట్లన్నీ సోమవారమే తీసుకోవాలి. కిటికీలన్నీ తెరిచేవాళ్లం. గాలి బాగున్న మంగళవారాల్లో మల్లేశం వచ్చేవాడు. బల్ల దగ్గర కూర్చునేవాడు కాదు. నర్సింలుతో కలిసి షాపంతా తిరిగి, పాత్రల్లో తలదూర్చి, వెల్డర్లతో తగాదా పడి, చాయ్ తాగి, చీకటి పడకముందే బస్సెక్కేవాడు. ఆ వారం షీట్లు చూస్తే తెలిసిపోయేది ఆయన వచ్చి వెళ్లాడని. దీనికిప్పుడు హైబ్రిడ్ అని ఏదో పేరుంది. మేము మంగళవారం అనేవాళ్లం.

రావు గారు తలలు లెక్కపెట్టడం ఎప్పుడు మానేశారో నాకు గుర్తు లేదు. ఒకసారి చూస్తే తొమ్మిదింబావుకు అద్దం అవతల నిలబడి ఎర్ర పుస్తకం చదువుతున్నారు.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. డ్రాఫ్టర్లు అటకెక్కాయి. యాభైకి దగ్గర పడుతున్న మల్లేశం మౌసు పట్టుకోవడం నేర్చుకున్నాడు, మొదటి వారం దాన్ని గాల్లోకి ఎత్తి చూపించేవాడట. రెండు వేల సంవత్సరం దాటాక ఆయన ఇంటికి ఫోను లైనుతో మోడెం పెట్టించాం. ఒక డ్రాయింగు రావడానికి ఎంతసేపు పట్టేదంటే, ఖాజా భాయ్ ఆఫీసుకొచ్చి, "నా బస్సే జల్దీ పోతుండె గద మేడం" అని వెక్కిరించేవాడు. ఫోను ఎప్పుడూ ఎంగేజేనని బాలమణి గోల. అయినా గొట్టం ఆగిపోయిన రోజు మాత్రం ఖాజా భాయ్ మొహం చిన్నబోయింది. దాన్ని ఇంటికి తీసుకెళ్లి ఏదో తీగ పాకించుకున్నాడు.

మొదటి పేజీ

మల్లేశం రిటైరైన రోజు మంగళవారం కాదు గానీ యంత్రం ఎప్పుడో పోయింది గాబట్టి ఆ బాధ లేదు. దండలు, కేకు, ఫొటోలు అయ్యాయి. నా మనసులో మాత్రం ఒకటే ఉంది. ఇన్నేళ్లలో ఆయనకు నేను ఆ మాట చెప్పలేదు. వారం వారం రేపు చెబుదామనుకున్నాను. ఎంత ఆలస్యమైతే అంత కష్టమయ్యింది. తప్పు చేసిన రోజే చెప్పేస్తే అది ఒక వాక్యం.

సాయంత్రం బస్సులో పక్కన కూర్చుని చెప్పాను. "అన్నా, కాజీపల్లి మ్యాన్‌హోల్ యాదికి ఉన్నదా? నీకు రాసి పంపలేదన్నా. తప్పు నాది. నీకు పది రోజులు నరకం చూపిచ్చిన."

"నాకెరుకనే గద" అన్నాడు.

నేను ఆయన వైపు తిరిగాను.

"ఎర్ర పుస్తకం పెట్టిన దినం గొట్టంల కాయితం పంపలే? మొట్టమొదటి కాయితం. మ్యాన్‌హోల్ తూర్పు నుంచి పడమరకు. కింద నీ సంతకం. అప్పటికే ఆ నిచ్చెన కోసి మళ్ల పెట్టిన్రు, ఇగ ఆ కాయితం ఎందుకు? నాకు తెలువాలని రాసినవ్ అనుకున్న."

ఆ పేజీ నేను రాసిన మాట నిజం. పుస్తకం మొదలుపెడుతూ, రాయకుండా వదిలేసిన మార్పుతోనే మొదలుపెట్టాలనిపించింది. కార్బన్ నకలు కూడా అలవాటుగా గొట్టంలో పోయిందని, దాన్ని ఒకరు చదువుతారని, అప్పుడు నాకు తట్టలేదు.

"మరి ఇన్నేండ్లల్ల ఒక్కపారన్న అడగలేదేందన్నా?"

"ఏమడగాలె? తిట్లు పడ్డందుకు నాకు బాధ లేదు చెల్లె. ఊపిరి ఎట్లనో గట్ల లాగిన. రూంల అందరు విన్నరు, నేనొక్కన్ని వినలే, ఇగ నేను ఆ ఆఫీసోన్ని కాదేమో అని బాధుండె. ఆ కాయితం రాంగనే అది పోయింది. దాని తర్వాత ఒక్క మాట గుడ నన్ను తప్పి పోలే."

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో బస్సు ఆగింది. టైలరు షాపు ముందు బాలమణి నిలబడి ఉంది, ఎప్పటిలాగే. దిగబోతూ ఆగి, "మంగళవారం మాత్రం వస్త" అన్నాడు. "నర్సింలుకు తోడెవరున్నరు?"

వచ్చాడు కూడా. నేను రిటైరయ్యేదాకా ప్రతి మంగళవారం, జీతం లేకుండా.